సముద్రం లేని దేశం

లావోస్ దేశపు దక్షిణ భాగంలో బొలవెన్ అనే పీఠభూమి ఉంది. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఆ చల్లని నేలమీద రైతులు కాఫీ పండిస్తారు. పండ్లు కోసి, గింజలు తీసి, ఎండబెట్టి, బస్తాల కెత్తేవరకు అంతా వారి చేతిలోని పనే. అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. ఆ బస్తా జపానుకో ఐరోపాకో చేరాలంటే ఓడ ఎక్కాలి. ఓడ ఎక్కాలంటే రేవు ఉండాలి. లావోస్‌కు రేవు లేదు. కట్టుకొందామన్నా సముద్రం లేదు. అందుచేత ఆ బస్తా లారీలో బయలుదేరి, సరిహద్దు దాటి, థాయిలాండ్‌కు గాని వియత్నాంకు గాని చేరుతుంది. ఆ దేశపు రోడ్డుమీద ప్రయాణించి, ఆ దేశపు రేవులో, ఆ దేశపు నియమాలకు లోబడి ఓడ ఎక్కుతుంది. ప్రతి మజిలీలోను ఖర్చు, ప్రతి తనిఖీలోను ఆలస్యం. బయటి నుండి వచ్చే పెట్రోలు, యంత్రాలు, మందులు కూడా ఇలాగే ఎవరో ఒకరి ఇంటి వాకిలి దాటి రావలసిందే.

అన్నివైపులా ఇతర దేశాల భూభాగమే ఉండి, సముద్రతీరం లేని దేశాన్ని భూపరివేష్టిత దేశం అంటారు. మన పొరుగున ఉన్న నేపాల్, భూటాన్ అటువంటివే. ఆగ్నేయాసియాలోని పదకొండు దేశాలలో అటువంటిది లావోస్ ఒక్కటే. దానికి ఉత్తరాన చైనా, వాయవ్యాన మయన్మార్, పడమట థాయిలాండ్, దక్షిణాన కంబోడియా, తూర్పున వియత్నాం ఉన్నాయి. తూర్పు సరిహద్దు నుండి సముద్రం కొన్నిచోట్ల వంద కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. అయినా ఆ కొద్ది దూరం పరాయి నేల. లావోస్ చరిత్రను, దాని పేదరికాన్ని, నేడు అది చేస్తున్న ప్రయత్నాలను అర్థం చేసుకోవటానికి ఈ ఒక్క విషయం తాళంచెవి వంటిది.

లావోస్ వైశాల్యం సుమారు 2,36,800 చదరపు కిలోమీటర్లు. అంటే అది కర్ణాటక రాష్ట్రం కంటె పెద్దది, మహారాష్ట్ర కంటె చిన్నది. కాని జనసంఖ్యలో పోలికే లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో ఆరు కోట్లకు పైగా ప్రజలు ఉండగా, 2015 లెక్కల ప్రకారం లావోస్‌లో ఉన్నవారు దాదాపు 65 లక్షల మంది మాత్రమే. చదరపు కిలోమీటరుకు సగటున ముప్ఫైమంది కూడా లేరు. ఇంత తక్కువ జనం ఇంత విశాలమైన నేలమీద పలుచగా పరచుకొని ఉండటానికి కారణం ఆ నేల స్వరూపమే.

దేశంలో చాలా భాగం కొండలు, అడవులు. తూర్పున వియత్నాం సరిహద్దు పొడవునా అన్నమైట్ పర్వతశ్రేణి గోడవలె నిలిచి ఉంది. దేశంలోకెల్లా ఎత్తైన ఫూ బియా శిఖరం 2,800 మీటర్లు దాటుతుంది. ఉత్తర భాగమంతా లోయలు, కనుమలు. ఒక లోయలోని ఊరినుండి పక్క లోయలోని ఊరికి పోవటానికి పూర్వం రోజులు పట్టేది. చదునైన సారవంతమైన భూములు మెకాంగ్ నదిని ఆనుకొని మాత్రమే ఉన్నాయి. రాజధాని వియెంటియాన్, సవన్నఖేత్, పాక్సే వంటి పట్టణాలన్నీ ఆ నది ఒడ్డునే వెలిశాయి. మే నుండి అక్టోబరు వరకు నైరుతి ఋతుపవనాలు వర్షాలనిస్తాయి. మిగిలిన నెలలు పొడిగా ఉంటాయి.

టిబెట్ పీఠభూమిలో పుట్టిన మెకాంగ్ చైనాను దాటి వచ్చి, లావోస్ వెంట పద్దెనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రవహిస్తుంది. థాయిలాండ్‌తో ఉన్న సరిహద్దులో అధిక భాగం ఈ నదే. తాగునీరు, సాగునీరు, చేపలు, రవాణా అన్నీ దానినుండే. లావో ప్రజలకు అది తల్లి వంటిది. ఇంత పెద్ద నది చివరకు సముద్రంలోనే కలుస్తుంది గదా, ఆ నదిమీదనే ఓడలు నడుపుకోవచ్చును గదా అనిపించటం సహజం. పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రెంచివారికి కూడా ఇలాగే అనిపించింది. మెకాంగ్ మీదుగా చైనాకు జలమార్గం దొరుకుతుందన్న ఆశతో 1866లో వారు ఒక అన్వేషక బృందాన్ని పంపారు. కాని దక్షిణపు సరిహద్దు దగ్గర ఖోన్ జలపాతాలు అడ్డు తగిలాయి. అక్కడ నది అనేక పాయలుగా చీలి, దాదాపు పది కిలోమీటర్ల వెడల్పున రాళ్ళమీదుగా దూకుతుంది. ఏ ఓడా దానిని ఎక్కలేదు. పట్టు విడువని ఫ్రెంచివారు నది మధ్యనున్న లంకలమీద ఏడు కిలోమీటర్ల చిన్న రైలుమార్గం వేసి, పడవలను, సరుకులను దానిమీద జలపాతం దాటించారు. లావోస్‌లో మొదటి రైలుమార్గం అదే. 1940వ దశకంలో అది మూతపడింది. నది ఉన్నా సముద్రానికి దారి దొరకలేదు.

నది ఇచ్చిన దారి సముద్రానికి చేరకపోయినా, భాషలు, మతాలు, కథలు మాత్రం ఆ నేలకు చాలా పూర్వమే నడిచివచ్చాయి. చంపాసక్ ప్రాంతంలో వట్ ఫూ అనే ప్రాచీన ఆలయం ఉంది. వెనుకనున్న కొండశిఖరం లింగాకారంలో ఉండటంచేత పూర్వులు దానిని శివస్థానంగా భావించి అక్కడ ఆలయం కట్టారు. ఆ పరిసరాలలో దొరికిన ఐదవ శతాబ్దపు సంస్కృత శాసనం ఒకటి దేవానీకుడనే రాజును పేర్కొంటుంది. ఆయన నెలకొల్పిన తీర్థానికి కురుక్షేత్రమని పేరుపెట్టినట్లు చెబుతుంది. తరువాతి కాలంలో ఆ ఆలయం బౌద్ధ క్షేత్రమైంది. 2001లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన దేశపు పురావస్తు శాఖ అక్కడ జీర్ణోద్ధరణ పనులలో పాలుపంచుకొన్నది.

లావో ప్రజలలో అధిక సంఖ్యాకులు థేరవాద బౌద్ధులు. రామాయణం వారికి ‘ఫ్రా లక్ ఫ్రా లామ్’ అనే పేరుతో సుపరిచితం. అందులో తమ్ముడైన లక్ష్మణుని పేరు ముందు, అన్న పేరు తరువాత రావటం ఒక విశేషం. లావో లిపికి మూలం ఖ్మేర్ లిపి. ఖ్మేర్ లిపికి మూలం దక్షిణ భారతదేశపు పల్లవ లిపి. పల్లవ లిపీ తెలుగు లిపీ రెండూ బ్రాహ్మీ నుండి పుట్టినవే. కనుక తెలుగు అక్షరాలకు, లావో అక్షరాలకు దూరపు చుట్టరికం ఉన్నదన్న మాట.

1353లో ఫా న్గుమ్ అనే రాజు చెదురుమదురుగా ఉన్న సంస్థానాలను కలిపి లాన్ సాంగ్ రాజ్యాన్ని స్థాపించాడు. ఆ పేరుకు ‘పది లక్షల ఏనుగులు’ అని అర్థం. మొదట లువాంగ్ ప్రబాంగ్, తరువాత వియెంటియాన్ దానికి రాజధానులయ్యాయి. పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో వారసత్వపు తగాదాల వలన ఆ రాజ్యం మూడు ముక్కలైంది. ఐకమత్యం లేని రాజ్యాలను పొరుగువారు లోబరచుకోవటం కష్టం కాలేదు. సయామ్ రాజ్యం, అంటే నేటి థాయిలాండ్, వాటిమీద ఆధిపత్యం వహించింది. వియెంటియాన్ రాజు అనువాంగ్ తిరుగుబాటు చేయగా, 1828లో సయామ్ సైన్యం ఆ నగరాన్ని నేలమట్టం చేసింది. వేలాది కుటుంబాలను మెకాంగ్ ఆవలి ఒడ్డుకు తరలించింది. 1893లో ఫ్రాన్సు సయామ్‌ను బెదిరించి, నదికి తూర్పున ఉన్న భూమిని తన వశం చేసుకొన్నది. అంతవరకు లావో జాతికి నట్టింటి వంటి నది ఆనాటినుండి సరిహద్దు గీతగా మారింది. నేడు లావోస్‌లో ఉన్న లావో భాషీయుల కంటె థాయిలాండ్ ఈశాన్య భాగంలో ఉన్న లావో భాషీయులే ఎక్కువ.

ఫ్రెంచి పాలన 1953లో పూర్తిగా అంతమైంది. కాని శాంతి రాలేదు. రాజప్రభుత్వానికి, పాథెట్ లావో అనే కమ్యూనిస్టు పక్షానికి అంతర్యుద్ధం సాగింది. 1954 జెనీవా ఒప్పందం అమలును పర్యవేక్షించటానికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘానికి భారతదేశమే అధ్యక్షత వహించింది. 1962లో జెనీవాలోనే లావోస్ తటస్థ దేశమని ప్రకటించారు. కాని పొరుగున వియత్నాం యుద్ధం ముదిరింది. ఉత్తర వియత్నాం తన సైనికులను, ఆయుధాలను దక్షిణానికి చేరవేసే హో చి మిన్ బాట లావోస్ తూర్పు అడవులగుండా పోయింది. ఆ బాటను తెగగొట్టటానికి, పాథెట్ లావోను అణచటానికి అమెరికా 1964 నుండి 1973 వరకు లావోస్‌మీద ఇరవై లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. జనసంఖ్యతో పోల్చి చూస్తే చరిత్రలో ఇన్ని బాంబులు పడిన దేశం మరొకటి లేదు.

ఆ బాంబులలో సుమారు 27 కోట్లు బంతి అంత చిన్నవి. ఒక పెద్ద గుల్లలో వందల కొలది ఇమిడి ఉండి, గాలిలో విచ్చుకొని పొలాలమీద చెల్లాచెదరయ్యేవి. వాటిలో మూడవ వంతు దాకా పేలకుండానే నేలలో ఉండిపోయాయని అంచనా. యుద్ధం ముగిసిన తరువాత కూడా వాటివలన దాదాపు ఇరవై వేలమంది చనిపోయారు, లేదా గాయపడ్డారు. వారిలో బంతి అనుకొని చేతిలోకి తీసుకొన్న పిల్లలు ఎందరో ఉన్నారు. నాగలి దింపాలన్నా, బడి కట్టాలన్నా, కాలువ తవ్వాలన్నా ముందు నేలను పరీక్షించి బాంబులు ఏరివేయాలి. ఉన్న సాగుభూమే తక్కువ. అందులో కొంత ఇలా భయం గుప్పిట్లో ఉండిపోయింది. షియెంగ్‌ఖ్వాంగ్ రాష్ట్రంలోని నాపియా గ్రామస్థులు యుద్ధపు అల్యూమినియం తుక్కును కరిగించి చెంచాలు పోసి అమ్ముకొంటారు. ఇటువంటి బాంబులను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2010లో అమలులోకి రాగా, ఆ సభ్యదేశాల మొదటి సమావేశం వియెంటియాన్‌లోనే జరిగింది.

1975 డిసెంబరు 2న రాజరికం రద్దయి, లావో ప్రజల ప్రజాస్వామ్య గణతంత్రం ఏర్పడింది. రాజవంశీయుడే అయిన సుఫానువాంగ్ మొదటి అధ్యక్షుడు, కేసోన్ ఫోంవిహాన్ మొదటి ప్రధానమంత్రి అయ్యారు. అప్పటినుండి లావో ప్రజా విప్లవ పార్టీ ఒక్కటే పరిపాలిస్తున్నది. ఇతర పార్టీలకు చట్టం తావివ్వదు. 1991లో కొత్త రాజ్యాంగం వచ్చింది. పద్దెనిమిదేండ్లు నిండినవారు అయిదేండ్ల కొకసారి జాతీయ శాసనసభను ఎన్నుకొంటారు; ఆ సభ అధ్యక్షుని ఎన్నుకొంటుంది, ప్రధానమంత్రి నియామకాన్ని ఆమోదిస్తుంది. 2021 ఎన్నికలలో 164 స్థానాలకు 158 పార్టీ సభ్యులకే దక్కాయి. పోటీచేసే అభ్యర్థులను ముందుగా పార్టీ అనుబంధ సంస్థ పరిశీలిస్తుంది. ముఖ్య నిర్ణయాలు శాసనసభలో కంటె పార్టీ అగ్రనాయకుల మండలిలోనే జరుగుతాయి. పత్రికలు, రేడియో ప్రభుత్వం అదుపులో ఉంటాయి.

పరిపాలన సౌలభ్యం కోసం దేశాన్ని 17 రాష్ట్రాలుగా, ఒక రాజధాని ప్రాంతంగా విభజించారు. రాష్ట్రం కింద జిల్లా, జిల్లా కింద గ్రామం ఉంటాయి. గ్రామాధికారిని ‘నాయ్ బాన్’ అంటారు. కొండలోయలోని రైతుకు ప్రభుత్వమంటే ముందుగా కనిపించేది ఆయనే. ప్రభుత్వం గుర్తించిన జాతులు యాభై. లావో జాతివారు జనాభాలో సగానికి కొంచెం ఎక్కువ. ఖ్ము, మోంగ్ మొదలైన జాతులవారు ఎక్కువగా కొండలమీద నివసిస్తారు. వారి భాషలు వేరు, ఆచారాలు వేరు. బడిలో మాత్రం లావో భాషలోనే చదువుకోవాలి. ఇంట ఒక భాష, బడిలో మరొక భాష కావటం వలన కొండప్రాంతపు పిల్లలకు చదువు మొదటి మెట్టు దగ్గరే కష్టమవుతున్నది.

ప్రజలలో ఎక్కువమందికి వ్యవసాయమే జీవనాధారం. ముఖ్యమైన పంట వరి. అక్కడివారు తినేది ఆవిరిమీద ఉడికించిన జిగురు బియ్యపు అన్నం. దానిని చిన్న వెదురు బుట్టలో పెట్టుకొని పొలానికి తీసుకుపోతారు. వేళ్ళతో ఉండ చేసి కూరలో అద్దుకొని తింటారు. మైదానంలో మడులు కట్టి నాట్లు వేస్తారు. కొండవాలులో పోడు వ్యవసాయం చేస్తారు. పంట చాలావరకు ఇంటి తిండికే సరిపోతుంది. వాన తప్పితే అది కూడా ఉండదు. 1971లో ఐక్యరాజ్య సమితి మొదటిసారిగా అత్యల్పాభివృద్ధి దేశాల జాబితాను తయారు చేసినప్పుడు లావోస్ పేరు అందులో చేరింది. ఆ జాబితా నుండి బయటపడటానికి 2026 నవంబరు గడువుగా నిర్ణయమైంది.

విప్లవానంతరం తొలి సంవత్సరాలలో ప్రభుత్వం సమష్టి వ్యవసాయాన్ని ప్రవేశపెట్టింది. రైతులు ఇష్టపడలేదు, దిగుబడి పెరగలేదు. అదే సమయంలో థాయిలాండ్ సరిహద్దును మూసివేయటం వలన సరుకుల కొరత ఏర్పడింది. పొరుగువాడు తలుపు వేస్తే ఇల్లే చీకటి కావటం అంటే ఏమిటో ప్రజలకు అనుభవమైంది. 1986లో ప్రభుత్వం దారి మార్చుకొని, ‘కొత్త ఆర్థిక విధానం’ ప్రకటించింది. రైతు పంటను తన ఇష్టం వచ్చిన చోట అమ్ముకోవచ్చును. ప్రైవేటు వ్యాపారానికి, విదేశీ పెట్టుబడికి అనుమతి లభించింది. 1997లో లావోస్ ఆసియాన్ కూటమిలో, 2013లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. రాజకీయాలలో ఒకే పార్టీ, బజారులో అందరూ అన్నది నాటినుండి ఆ దేశపు పద్ధతి.

అమ్ముకోవటానికి లావోస్ దగ్గర ఏమున్నది? రాగి, బంగారం, కలప, కాఫీ ఉన్నాయి. వాటికంటె విలువైనది కొండలమీదినుండి దూకే నీరు. కాఫీ బస్తాకు రేవు కావాలి గాని, విద్యుచ్ఛక్తికి రేవు అక్కరలేదు. తీగల మీదుగానే పొరుగుదేశం చేరుతుంది. ఈ ఆలోచనతో 1971లో నామ్ న్గుమ్ నదిమీద మొదటి పెద్ద ఆనకట్ట నుండి విద్యుత్తు వచ్చింది. 2010లో నామ్ థూన్ రెండవ కేంద్రం, 2019లో మెకాంగ్‌మీదనే షయాబురి కేంద్రం పనిచేయసాగాయి. ఇవి రెండూ వెయ్యి మెగావాట్లు దాటినవే. వీటి విద్యుత్తులో అధిక భాగం థాయిలాండ్ కొంటుంది. అందుకే లావోస్‌ను ‘ఆగ్నేయాసియా బ్యాటరీ’ అని పిలవసాగారు.

అయితే ఈ వెలుగు వెనుక చీకటి కూడా ఉంది. నామ్ థూన్ జలాశయం కోసం ఆరు వేల మందికి పైగా ఊళ్ళు విడిచిపోవలసి వచ్చింది. మెకాంగ్‌కు అడ్డంగా కట్టిన ఆనకట్టలు చేపల రాకపోకలకు, దిగువ దేశాల పొలాలకు చేరే ఒండ్రుమట్టికి ఆటంకమని కంబోడియా, వియత్నాం ఆందోళన చెందుతున్నాయి. 2018 జులై 23న అత్తపూ రాష్ట్రంలో నిర్మాణంలో ఉన్న ఒక జలవిద్యుత్ పథకపు మట్టికట్ట తెగిపోయింది. వరద రాత్రివేళ ఊళ్ళమీద పడి ఎందరో ప్రాణాలు కోల్పోయారు, వేలాదిమంది నిరాశ్రయులయ్యారు. విద్యుత్తు పొరుగుదేశానికి పోయేదే. నీట మునిగినది మాత్రం లావో రైతు ఇల్లు.

ఇక రహదారుల సంగతి. 1994లో ఆస్ట్రేలియా సాయంతో వియెంటియాన్ సమీపాన మెకాంగ్‌మీద మొదటి స్నేహవారధి నిర్మాణమైంది. అంతవరకు అక్కడ నదిని పడవలమీదే దాటేవారు. 2006లో సవన్నఖేత్ దగ్గర రెండవ వారధి పూర్తి కావటంతో థాయిలాండ్ నుండి లావోస్ మీదుగా వియత్నాం తీరానికి లారీలు నడిచే మార్గం ఏర్పడింది. ‘భూమి చుట్టుముట్టిన దేశం కాదు, భూములను కలిపే దేశం’ అనే నినాదం పుట్టింది. అడ్డుగోడ వంటి స్థానాన్నే కూడలిగా మార్చుకోవాలన్నది దాని భావం.

ఈ ప్రయత్నాలన్నిటిలోకి పెద్దది చైనా సరిహద్దు నుండి వియెంటియాన్ వరకు 400 కిలోమీటర్లకు పైగా వేసిన రైలుమార్గం. 2016లో పనులు మొదలై, 2021 డిసెంబరులో రైళ్ళు నడిచాయి. కొండలను తొలిచి 75 సొరంగాలు తవ్వారు; లోయలమీద, నదులమీద 160కి పైగా వంతెనలు కట్టారు. వియెంటియాన్ నుండి లువాంగ్ ప్రబాంగ్‌కు కొండదారిలో దినమంతా పట్టే ప్రయాణం రెండు గంటలలో ముగుస్తున్నది. దీనికి దాదాపు 600 కోట్ల డాలర్లు ఖర్చయింది. అది నాటి లావోస్ వార్షిక ఉత్పత్తిలో సుమారు మూడవ వంతు. ఆ ధనంలో అధిక భాగం చైనా నుండి తెచ్చిన అప్పు. రైలు సంస్థలో చైనా పక్షం వాటా నూటికి డెబ్భై, లావోస్ వాటా ముప్ఫై.

ఆనకట్టలకు అప్పు, రైలుకు అప్పు. 2022 నాటికి ప్రభుత్వ ఋణం దేశ వార్షిక ఉత్పత్తిని మించిపోయిందని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. అందులో సుమారు సగం చైనాకు చెల్లించవలసినదే. లావోస్ నాణెం కిప్. 2020 తొలినాళ్ళలో ఒక డాలరుకు తొమ్మిది వేల కిప్‌లు ఉండగా, 2023లో ఇరవై వేలు దాటాయి. 2023 ఫిబ్రవరిలో ధరలు అంతకు ముందటి ఏడాది కంటె నూటికి నలభైకి పైగా హెచ్చాయి. జీతం అంతే ఉండి బియ్యం, పెట్రోలు ధరలు పెరిగితే ఉపాధ్యాయులు కొందరు బడి విడిచి వేరే పని వెతుక్కొన్నారు. ఎందరో యువతీయువకులు కూలికోసం నది దాటి థాయిలాండ్ పోయారు. వారికి భాష ఇబ్బంది లేదు. ఒకప్పుడు ఆ రెండు ఒడ్డులూ ఒకే ఇంటివి గదా!

సముద్రం లేకపోవటం ఒక్కటే ఏ దేశాన్నీ పేదదిగా ఉంచదు. స్విట్జర్లాండ్‌కు కూడా సముద్రం లేదు. ఇరుగుపొరుగులతో సఖ్యత, చదువుకొన్న ప్రజలు, తన సొంత ఉత్పత్తి, ప్రశ్నించి లెక్క అడిగే పద్ధతి ఉన్న దేశం ఆ లోటును పూడ్చుకోగలదు. లావోస్ నేడు కొండలను తొలిచి దారులు వేసుకొన్నది. దారి ఉండటం వేరు, ఆ దారిమీద తన సరుకుతో నడవగలగటం వేరు. రైలు పరాయి సరుకును మోస్తూ ఊరి పక్కనుండి దూసుకొని పోతే, అప్పు మాత్రమే ఊరికి మిగులుతుంది. అదే రైలులో, అదే లారీలో ఆ ఊరి వరి, ఆ ఊరి కాఫీ, ఆ ఊరి నేత తక్కువ ఖర్చుతో బజారు చేరి, వచ్చిన డబ్బు బడికి, ఆసుపత్రికి ఉపయోగపడితే ఆ అప్పు తీరుతుంది. బొలవెన్ పీఠభూమి మీది రైతు తన కాఫీ బస్తాకు మునుపటికంటె నాలుగు కిప్‌లు ఎక్కువ కళ్ళజూసిన నాడు, సముద్రం లేని ఆ దేశానికి దారి దొరికినట్లే.